రెండో చెట్టు కాయలు

కిందటి వారం ప్రమీలారాణిని మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబెట్టి నేను వెళ్ళిపోయాను. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మజ్జిగ తాగవలసిన ఇద్దరు మగవాళ్ళూ వసారాలో కూర్చుని ఆవిడ వంకే చూస్తున్నారు. ఒకరికి ఆశ్చర్యం, ఇంకొకరికి ముచ్చెమటలు.

మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే పత్రిక కొన్నవాళ్ళకీ సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నూజివీడు పొలిమేరలో ఉన్న ఆ పెంకుటిల్లు బసవపున్నారావుది. మామిడితోటా, దిగువన కాస్త మాగాణీ ఉన్న రైతు. స్వరాజ్యం వచ్చిన రెండో వేసవికి అతని బుర్రలో సినిమా పురుగు దూరింది. దూరిన వారం రోజులకే మద్రాసు నుంచి పాండురంగారావు అనే పెద్దమనిషి బస్సు దిగి, వసారాలో పడక కుర్చీ ఆక్రమించాడు. సినిమాలకి కథలు ఏరడం తన పని అంటాడు. ఏ సినిమాకి ఏరారండీ అని అడిగితే మాత్రం కిళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. ఆయన మీద నాకు మొదటినుంచీ అనుమానమే. కథ ఇంకా దొరకలేదు గానీ, కథానాయిక ఆఖరి సీనులో కట్టుకోవలసిన చీర రంగు ఆయన అప్పుడే తేల్చేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "కథ ఆలుమగలది కావాలి. నవ్వించాలి, లేకపోతే ఏడిపించాలి. నేను తాంబూలం నమిలి ఊసేలోపు చెప్పడం అయిపోవాలి."

అందుకని రోజూ భోజనాలయ్యాక బసవపున్నారావు ఒక్కో కథ చెబుతూ వచ్చాడు. అలిగి మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాలు తమ గేదెతో చెప్పి కబుర్లు అందించుకోవడం, చివరికి ఆ గేదెను అమ్మేయడంతో ఇద్దరూ లబోదిబోమనడం. నెయ్యి ఎవరు తింటున్నారో పట్టుకుందామని మొగుడు గాదెలో దాక్కుంటే, పెళ్ళాం తెలియక తాళం వేసి పుట్టింటికి వెళ్ళిపోవడం. ఇవేవీ అతను అల్లినవి కావు. మొదటిది వాళ్ళ పెదనాన్న ఇంట్లో జరిగింది. రెండోది జి. కొండూరులో జరిగింది, ఆ గాదెలో కూర్చున్నాయన ఇంకా బతికే ఉన్నాడు. కాస్త ఎండ తగ్గితే చాలు, బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు.

కిందటి వారం పాండురంగారావు పెదవి విరిచాడు. "ఇవన్నీ కామెడీలండీ. ఎవరూ వినని సంగతి ఒకటి చెప్పండి. గుండె పట్టుకోవాలి" అన్నాడు. బసవపున్నారావు చాలాసేపు ఆలోచించి ఈ కథ చెప్పాడు. ఒక రైతు ఉన్నాడు. ఏటా తోట అమ్మేటప్పుడు రెండు చెట్లు మినహాయించుకుంటాడు. ఒక చెట్టు కాయలు తన ఇంటికి వస్తాయి. రెండో చెట్టు కాయలు ఇంకో ఇంటికి వెళతాయి. భార్యకి ఆ సంగతి తెలియదు.

ఇదే కథ ఏ బెజవాడలోనో, మద్రాసులోనో చెప్పి ఉంటే కథగానే పోయేది. నూజివీడులో చెప్పాడు, అదీ గుమ్మం వెనక భార్య ప్రమీలారాణి ఉండగా.

ఇక్కడ తోట పూత మీద ఉండగానే కాపంతా షావుకారు కొనేస్తాడు. ఆ రోజు నుంచి చెట్టు రైతుదే గానీ కాయ షావుకారుది. రైతు భార్య తన తోటలో తను ఒక కాయ కోసుకున్నా అది దొంగతనమే. అందుకని బేరం కుదిరేటప్పుడే ఇంటి వాడకానికి ఒక చెట్టు విడిగా మాట్లాడుకుని, మొదలుకి సున్నంతో పట్టె వేస్తారు. ఆ చెట్టు జోలికి కాపలావాళ్ళు రారు. బసవపున్నారావు ఇంటికి ఏటా వచ్చేది పచ్చడి కాయ, ఒక్క చెట్టుది. ప్రమీలారాణి కాపురానికి వచ్చిన దగ్గర నుంచీ అంతే. రైతు పిల్ల కాబట్టి, రెండు చెట్లు అన్న మాట చెవిన పడగానే ఆవిడకి లెక్క తేడా కొట్టింది.

"ఏవండీ, ఆ రెండో చెట్టు కాయలు ఎవరు తిన్నారు?" అని అడిగింది. అక్కడ ఆగాం.

*

"ఎవరో తిన్నారు. కథే కదా!" అన్నాడు బసవపున్నారావు.

"కథేలెండి. నేనూ కథలోనే అడుగుతున్నాను."

"అంతవరకూ ఇంకా అనుకోలేదు."

"ముందు కాయలు పంపించేసి, తర్వాత ఎవరికా అని అనుకుంటారా?"

పాండురంగారావు పడక కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో ఆయన అంత చురుగ్గా కదలడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "అమ్మా, ఎంత మంచి ప్రశ్న వేశారు! ఇంటర్వెల్లు అక్కడే పడాలి. ఆ రెండో ఇంట్లో ముసలి మేనత్త ఉంటే కామెడీ. పడుచుది ఉంటే ట్రాజెడీ. నన్నడిగితే పడుచుదే ఉండాలి."

"మిమ్మల్ని అడగలేదండీ" అంది ప్రమీలారాణి.

వసారా అవతలి కొసన మంచం మీద నాగేశ్వరమ్మ ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. బసవపున్నారావు తల్లి. ఆవిడ చెవులు ఊళ్ళో పెళ్ళి మాట మొదలైతే ఇంట్లో కూర్చుని వినగలవు, తనకి ఇష్టం లేని మాట పక్కన కూర్చుని చెప్పినా వినపడదు. ఇప్పుడు మాత్రం తలెత్తకుండా అన్నీ వింటోంది. తుడిచిన ముక్కనే మళ్ళీ తుడుస్తోంది.

ప్రమీలారాణి చెంబు కింద పెట్టి స్తంభం పక్కన కూర్చుంది. పరాయి మగవాడి ఎదుట ఆవిడ అలా కూర్చోవడం అదే మొదలు. పైకి నిబ్బరంగానే ఉంది గానీ ఆవిడకి భయం వేస్తోంది. కోపం కాదు, భయం. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, ఒళ్ళో బిడ్డ లేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మం దగ్గర గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం ఆవిడకి తెలుసు. ఆ మాటలన్నిటికీ బసవపున్నారావు ఒక్కటే జవాబు చెప్పేవాడు. నాకు ఇంకెవరూ అక్కర్లేదు అని. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఆ ఇంట్లో తలెత్తుకు తిరిగింది. ఆ మాట అబద్ధమైతే ఇక ఆవిడకి పట్టుకోవడానికి ఏమీ లేదు.

పైగా ఆయనకి అబద్ధాలు అల్లడం రాదని ఆవిడకి తెలుసు. సంత నుంచి ఆలస్యంగా వస్తే, బండి చక్రం ఊడిందని చెప్పడానికి కూడా తెలివి చాలేది కాదు. పేకాట ఆడాను అనేసేవాడు. అటువంటి మనిషి ఉన్నట్టుండి రెండు చెట్ల కథ ఎక్కడినుంచి తెచ్చాడు?

"పాండురంగారావు గారూ, నేనూ ఒక కథ చెప్పనా అండీ?" అంది.

"చెప్పండమ్మా చెప్పండి!" అని ఆయన గబగబా కొత్త తాంబూలం చుట్టుకున్నాడు.

"ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు. మొగుడు చాలా మంచివాడు. ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. పండగ వస్తే అడక్కుండానే చీర తెచ్చేవాడు. ఆవిడ అదంతా ప్రేమే అనుకుంది. తర్వాత ఎప్పటికో తెలిసింది, రెండిళ్ళు నడిపేవాడు ఏ ఇంట్లోనూ గొంతు పెంచడని."

పాండురంగారావు నమలడం ఆపాడు. "ఇది కామెడీ అంటారా, ట్రాజెడీ అంటారా?"

"అది మా వారిని అడగండి."

బసవపున్నారావు పైపంచెతో మెడ తుడుచుకున్నాడు. "నేనూ చెబుతాను" అన్నాడు పౌరుషంగా. "ఒక మొగుడు ఉన్నాడు. పెళ్ళాం కోసం ఒక పని చేశాడు. ఆ పని సంగతి పెళ్ళానికి తెలిస్తే ఆవిడకే చెరుపు. అందుకని చెప్పలేదు. అంతే కథ."

"ఏం పని చేశాడండీ?" అన్నాడు పాండురంగారావు.

"మంచి పనే."

"ఎవరి కోసం చేశాడు?" అంది ప్రమీలారాణి.

"పెళ్ళాం కోసమని చెప్పానా లేదా?"

"పెళ్ళాం కోసం చేసిన పని పెళ్ళానికి తప్ప ఇంకెవరికి తెలుసట?"

మంచం మీది నుంచి నాగేశ్వరమ్మ మొదటిసారి నోరు విప్పింది. "ఒరేయ్ పున్నారావూ, కథలో మొగుడు తప్పు చేస్తే నువ్వు భుజాలు తడుముకుంటావేంట్రా?"

"అమ్మా, నువ్వు ముక్కలు తుడువు."

"తుడుస్తూనే ఉన్నాను. చెవులు మూసుకోమంటావా?"

పాండురంగారావుకి ఒళ్ళు పులకరించింది. ముసలావిడ పాత్ర కూడా దొరికిందని ఆయన సంబరం. ఇంట్లో ఒక కాపురం కూలుతోందో నిలుస్తోందో తెలియని ఆ క్షణంలో అంత సంబరపడిన మనిషిని నేను ఈ జన్మలో క్షమించను.

సరిగ్గా అప్పుడు వాకిట్లో గొడుగు ముడిచిన చప్పుడైంది. షావుకారు దశరథరామయ్య వచ్చాడు. బజారులో దుకాణం ఉన్నా ఎండాకాలమంతా తోటల్లోనే కాపురం చేస్తాడు. బసవపున్నారావు తోట కాపు ఏటా కొనేది ఆయనే. మాట నెమ్మది, చూపు చురుకు. ఎవరింట్లో విన్నది అక్కడే మరిచిపోవడం వల్ల తన వ్యాపారం నిలబడిందని ఆయన నమ్మకం.

"దణ్ణాలు బాబూ. ఎల్లుండి కోతకి మనుషుల్ని పెడుతున్నాను, ఒక మాట చెప్పి పోదామని వచ్చాను" అంటూ అరుగు అంచున కూర్చున్నాడు.

బసవపున్నారావు ఆయనకేసి కళ్ళతో ఏదో చెప్పబోయాడు. ప్రమీలారాణి అది చూసింది. చూసి, చెంబు తీసుకెళ్ళి షావుకారు చేతికి మజ్జిగ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఇద్దరికీ మధ్య నిలబడింది. మొగుడి ముఖం షావుకారుకి కనపడకుండా పోయింది.

ఎన్ని చెట్లు మినహాయించారు అని అడిగితే షావుకారు చెప్పడు. బేరం మాట బేరంలోనే ఉండాలంటాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకని ఏమీ అడగలేదు. మామూలుగా, అన్నీ తెలిసిన మనిషిలాగా అంది. "షావుకారు గారూ, రెండో చెట్టు కాయలు ఈసారి కాస్త ఆలస్యంగా పంపమన్నారండి వాళ్ళు. ఇంకా పంపలేదు కదా?"

దశరథరామయ్య మజ్జిగ మింగి మూతి తుడుచుకున్నాడు. "అయ్యో తల్లీ, చాట్రాయికేనా? నిన్ననే పంపేశానే! చిన్నరసాలు, చెట్టున మగ్గినవి ఏరి గంపకెత్తించాను. ఎప్పట్లాగే మీరు పంపారని మీ పేరే చెప్పమన్నాను."

షావుకారు చెంబు దించి ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఎక్కడో కాలు వేయకూడని చోట వేశానని ఆయనకి అర్థమైంది. "నేను మళ్ళీ వస్తాను బాబూ" అని గొడుగు తీసుకున్నాడు.

"కూర్చోండి షావుకారు గారూ, మీ తప్పేం లేదు" అంది ప్రమీలారాణి. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నా పేరు చెప్పి పంపుతున్నారా? దానికి నా పేరు కూడా కావలసి వచ్చిందా? ఎవరండీ చాట్రాయిలో?"

బసవపున్నారావు తల వంచుకున్నాడు. మంచం మీద తల్లినీ, కుర్చీలో పాండురంగారావునీ, అరుగు మీద షావుకారునీ చూశాడు. ఇంతమందిలో చెప్పవలసి వచ్చినందుకు అతని ముఖంలో బాధ కనిపించింది.

"మీ అక్క" అన్నాడు.

*

ప్రమీలారాణి అక్క పేరు ఉమ. బడిలో పాఠాలు చెప్పే ఒక మాస్టరుని ఇష్టపడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. మాస్టరు కులం వేరు, మతం వేరు. వాళ్ళు చాట్రాయిలో కాపురం పెట్టారు. తండ్రి ఆ రోజే కూతురు పోయిందని తల మీద నీళ్ళు పోసుకున్నాడు. మిగిలిన కూతురు ప్రమీలారాణి. ఆవిడకి సంబంధం తప్పిపోకూడదని దీపం వెలిగించి ఆవిడ చేత ఒట్టు వేయించాడు, ఇక ఆ గడప తొక్కననీ, ఆ పేరు ఎత్తననీ. ఆ ఒట్టు సంగతి తెలిసిన మీదటే నాగేశ్వరమ్మ ఈ పిల్లని కోడలిగా తెచ్చుకోవడానికి ఒప్పుకుంది.

బసవపున్నారావు ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పేశాడు. "నువ్వు కాపురానికి వచ్చిన ఏడు, ఇదే వసారాలో షావుకారు గారు ఇచ్చిన రసం పండు తింటూ సగంలో ఆపేశావు. ఏంటని అడిగితే, అక్కకి చిన్నరసాలంటే ప్రాణం అన్నావు. అని, పేరు ఎత్తానని గబుక్కున నోరు మూసుకున్నావు. ఆ పూట అన్నం కూడా తినలేదు. నాకు అది మనసులో ఉండిపోయింది. మరుసటేడు బేరంలో షావుకారు గారిని ఇంకో చెట్టు అడిగాను. నీకు చెబితే నీ ఒట్టు పోతుంది. చెప్పకుండా నీ పేరుతో పంపితే ఒట్టూ పోదు, ఆవిడకి చెల్లెలు మరిచిపోలేదన్న తృప్తీ ఉంటుంది. ఇంతే నేను చేసింది. ఈయన గుండె పట్టుకునే కథ కావాలంటే, నాకు ఇదొక్కటే తెలుసు. చెప్పాను."

దశరథరామయ్య పైకి చూస్తూ కూర్చున్నాడు. పాండురంగారావు అయితే ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. "దొరికిందండీ కథ! రెండో ఇంట్లో పడుచుదీ కాదు, మేనత్తా కాదు. పెళ్ళాం తోబుట్టువు. హాలులో ఆడవాళ్ళంతా ఏడుస్తారు" అన్నాడు గద్గదంగా.

అందరూ నాగేశ్వరమ్మ వైపు చూశారు. ఆవిడ గుడ్డ దులిపి మంచం కోడు మీద ఆరేసింది. "నా తోట కాయ నాకు తెలియకుండా పోతోందన్నమాట" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పోతే పోయిందిలే. తోడపుట్టింది ఎక్కడికి పోతుంది? నాతో చెబితే ఇంకో నాలుగు ఎక్కువ వేయించేదాన్ని కదరా" అంది.

బసవపున్నారావు ఊపిరి పీల్చుకున్నాడు. తల్లి అంత మాట అంటుందని అతను అనుకోలేదు. నవ్వుతూ భార్య వంక చూశాడు, ఇక ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుని నవ్వుతుందని.

ఇక్కడ నేను ఆపేస్తే అందరికీ బాగుండేది. పత్రిక వాళ్ళు కూడా మంచి భాగం రాశావని మెచ్చుకునేవారు. కానీ ప్రమీలారాణి నవ్వలేదు. ఆవిడ ముఖం ఇందాకటి కన్నా తెల్లబడింది.

ఎందుకో ఆ వసారాలో ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఆవిడకి తెలిసినంతవరకూ ఉమ చాట్రాయిలో లేదు. నిరుడు మాఘమాసంలో మాస్టరుకి ఏలూరులో ఉద్యోగం దొరికింది. ఇద్దరూ సామాను కట్టుకుని ఊరు వదిలేశారు. వెళ్ళేముందు ఉమ ఒక్కసారి చూసి పొమ్మని కబురు పెడితే, ప్రమీలారాణి ఆగిరిపల్లి తిరునాళ్ళకని అత్తగారితో చెప్పి ఇల్లు కదిలింది. అక్కని పట్టుకుని ఏడ్చింది. తన చేతులతో బస్సెక్కించింది. బొగ్గు బస్సు పొగ కక్కుకుంటూ మలుపు తిరిగేదాకా రోడ్డు మీద నిలబడి, తర్వాత తిరునాళ్ళ పేలాలు కొనుక్కుని ఇంటికి వచ్చింది.

మరి నిరుడు వేసవిలో చిన్నరసాలు చాట్రాయిలో ఎవరు తిన్నారు? నిన్నటి గంప ఎవరింట్లో దిగింది?

అడగాలంటే తన ఒట్టు తప్పిన సంగతి చెప్పాలి. అదీ, ఇప్పుడిప్పుడే మెత్తబడిన అత్తగారి ఎదుట. ఒట్టు తప్పి, తిరునాళ్ళ పేరు చెప్పి అబద్ధమాడిన కోడలిని ఆ అత్తగారు ఏమంటుందో ఊహించనక్కర్లేదు. అడగకుండా ఊరుకుంటే ఇల్లంతా హాయిగా ఉంటుంది. సాయంత్రానికి అందరూ ఆవిడ అదృష్టం గురించి చెప్పుకుంటారు. ఆవిడ మాత్రం ఆ మంచి మొగుడి పక్కన రోజూ అనుమానంతో పడుకుంటుంది. కక్కలేక మింగలేక ఆవిడ కాసేపు స్తంభం పట్టుకుని నిలబడింది.

ఒకసారి తప్పించుకునే దారి ఇచ్చి చూద్దామనుకుంది. ఆయన పొరపాటున ఏదో అనుకుని ఉండవచ్చు. పాత గుమ్మానికే గంప వెళుతోందేమో, అక్కడ కొత్తగా చేరినవాళ్ళు కిమ్మనకుండా తింటున్నారేమో.

"అక్క ఎట్టా ఉందండీ?" అని అడిగింది.

"బాగానే ఉంది."

"మీరు చూశారా?"

బసవపున్నారావు తడబడ్డాడు. "చూడకేం? నిరుడు కాయలు నేనే దిగబెట్టాను. షావుకారు గారి బండి దొరక్కపోతేనూ."

"మాస్టరు గారు ఉన్నారా ఇంట్లో?"

అతను చెంబు కోసం చెయ్యి చాపాడు. చెంబులో మజ్జిగ లేదు. అది ఖాళీ అని ముందే తెలిసి కూడా ఎత్తి నోట్లో వంచుకున్నాడు.

దాంతో ప్రమీలారాణికి ఉన్న ఆ కాస్త సందేహమూ తీరిపోయింది. ఆవిడకి ఏడుపు వచ్చింది. ఏడవదలుచుకోలేదు. అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, ముందు నా తప్పు మీతో చెబుతాను. తర్వాత మీరు నన్నేమైనా అనండి. నేను ఒట్టు తప్పాను. నిరుడు తిరునాళ్ళకని వెళ్ళింది అక్క దగ్గరికే. వాళ్ళు ఏలూరు వెళ్ళిపోతుంటే నేనే బస్సెక్కించి వచ్చాను. అక్క చాట్రాయిలో లేదు. లేదత్తయ్యా. ఏడాది దాటింది. మీ అబ్బాయి ఎవరికి పంపుతున్నారో మీరే అడగండి."

నాగేశ్వరమ్మ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. కోడలిని తిట్టాలో, కొడుకుని తిట్టాలో ఆవిడకి తోచలేదు. పాండురంగారావు ఏదో అనబోయాడు. షావుకారు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏంట్రా ఇది?" అంది నాగేశ్వరమ్మ.

బసవపున్నారావు భార్య వంక చూశాడు. దొరికిపోయిన దొంగ ముఖం కాదు అది. ఆవిడ మీద జాలిపడుతున్న ముఖం. ప్రమీలారాణికి ఆ జాలి చూసి మరింత భయమేసింది.

"బస్సెక్కించావు. నాకు తెలుసు. అమ్మ ఎదుట ఆ మాట ఎత్తవనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా.

"మీకెట్టా తెలుసు?"

"మీ అక్కే చెప్పింది. బస్సు ఏలూరు వెళ్ళింది ప్రమీలా. మాస్టరు వెళ్ళాడు. మీ అక్క దారిలో దిగిపోయి, మర్నాటికి చాట్రాయి వచ్చేసింది. ఒక్కతే వచ్చింది. అప్పటినుంచీ అక్కడే ఉంది."

"ఏడాది నుంచీ? ఇంత దగ్గరలో ఉండి నాకు కబురు చేయలేదా?"

"చేయనంది."

"మీరైనా చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. అందరికీ తెలిసినా పర్వాలేదు, చెల్లెలికి మాత్రం తెలియకూడదంది. నా చేత ఒట్టు వేయించుకుంది."

ప్రమీలారాణి లేచి నిలబడింది. ఎందుకు అని అడగాలని ఉంది. దాని బదులు, మాటల్లో ఆయన్ని ఎక్కడో పట్టుకోవాలన్నట్టు, ఇంకో ప్రశ్న వేసింది.

"ఎవరి తల మీద చెయ్యి పెట్టించి వేయించుకుంది?"

బసవపున్నారావు ఖాళీ చెంబు కింద పెట్టాడు.

"బిడ్డ తల మీద" అన్నాడు.

బస్సెక్కిన రోజున ఉమకి పిల్లలు లేరు.